రాక్ క్రీక్ ట్రయల్: శివారు పార్కుల గుండా వాగు వెంట నడకదారి

రాక్ క్రీక్ ట్రయల్ అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం మాంట్‌గోమరీ కౌంటీలో రాక్ క్రీక్ అనే వాగు వెంట సాగే పొడవైన నడకదారి. డెర్వుడ్ సమీపంలోని లేక్ నీడ్‌వుడ్ చెరువు దగ్గర మొదలై, కాలనీల మధ్య ఒకదాని వెంట ఒకటిగా ఉన్న పార్కుల గుండా దక్షిణానికి దాదాపు 14 మైళ్లు (22 కిలోమీటర్లు) వెళ్లి వాషింగ్టన్ నగర సరిహద్దును చేరుతుంది. అక్కడి నుంచి నగరంలోని రాక్ క్రీక్ పార్క్ బాటలను అందుకుని పొటోమాక్ నది ఒడ్డు దాకా, లింకన్ స్మారక మందిరం దాకా నడవవచ్చు. మేరీల్యాండ్ భాగంలో ఇది తారు పరిచిన బాట. కాలినడకకూ సైకిలుకూ ఉమ్మడిగా ఉద్దేశించినది.

నిర్వచనం, పరిధి

వాగు లోయను కాలనీలు కట్టకుండా పార్కుగా నిలిపి, ఆ లోయ పొడవునా వేసిన బాటను ఇక్కడ వాగు వెంట నడకదారి అంటున్నాం. కొండల మీది హైకింగ్ దారికీ దీనికీ తేడా ఉంది. కొండదారి ఊళ్లకు దూరంగా పోతుంది. ఇది ఊళ్ల పెరళ్ల వెనక నుంచి పోతుంది. దీనిమీద నడిచేవారికి ఏ క్షణాన చూసినా ఒకవైపు చెట్లు, నీరు కనిపిస్తాయి. మరోవైపు ఇళ్ల కంచెలో, ఆటస్థలమో, రోడ్డు వంతెనో కనిపిస్తుంది. ఇటువంటి దారికి వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ అయిన పార్కు కావాలి. మాంట్‌గోమరీ కౌంటీలో ఆ పార్కు పేరు రాక్ క్రీక్ స్ట్రీమ్ వ్యాలీ పార్క్. దాని నిర్వహణ కౌంటీ పార్కుల విభాగానిది. నగర సరిహద్దు దాటాక వచ్చే రాక్ క్రీక్ పార్క్ మాత్రం కేంద్ర ప్రభుత్వపు నేషనల్ పార్క్ సర్వీస్ అధీనంలో ఉంటుంది. వాగు ఒక్కటే అయినా యాజమాన్యాలు రెండు, నియమాలు రెండు.

వాగు, నేల

రాక్ క్రీక్ మాంట్‌గోమరీ కౌంటీ ఉత్తర భాగంలో లేటన్స్‌విల్ దగ్గర ఊటగా పుడుతుంది. దాదాపు 33 మైళ్లు ప్రవహించి జార్జిటౌన్ వద్ద పొటోమాక్‌లో కలుస్తుంది. చివరి 9 మైళ్లు మాత్రమే వాషింగ్టన్ నగరంలో ఉన్నాయి. పరీవాహక ప్రాంతం సుమారు 77 చదరపు మైళ్లు. అందులో ఎక్కువ భాగం మేరీల్యాండ్‌లోనే ఉంది కనుక నగరంలో వాగు ఎలా ఉంటుందన్నది శివార్లలో పడ్డ వాన మీద, అక్కడి ఇళ్ల కప్పుల మీద, రోడ్ల మీద ఆధారపడుతుంది.

భూగర్భపరంగా ఇది పీడ్‌మాంట్ అనే పాత రూపాంతర శిలల పీఠభూమి అంచు. మేరీల్యాండ్ భాగంలో లోయ వెడల్పుగా, వాలు మెల్లగా ఉంటుంది. ఇసుక, గులకరాళ్ల మీదుగా నీరు నిదానంగా పారుతుంది. నగరంలో ప్రవేశించాక వాగు పీఠభూమి నుంచి తీర మైదానానికి దిగుతుంది. అక్కడ లోయ ఇరుకై పెద్ద బండలు వస్తాయి. దారి పైభాగం నడవడానికి తేలిక, దిగువ భాగంలో ఎత్తుపల్లాలు ఎక్కువ అన్న అనుభవానికి కారణం ఈ శిలల మార్పే.

చరిత్ర

ఈ లోయ యూరోపియన్లు రాకముందే పనిముట్ల తయారీకి పేరుపడ్డది. రాక్ క్రీక్‌లో కలిసే పైనీ బ్రాంచ్ దగ్గర ఆదివాసులు స్ఫటికశిల గుండ్లను తవ్వి బల్లెపు మొనలు, కత్తులు చెక్కిన స్థలాన్ని విలియం హెన్రీ హోమ్స్ 1889లో తవ్వి పరిశీలించాడు. 18, 19 శతాబ్దాల్లో వాగు నీటి మరలకు ఆధారమైంది. ఇప్పుడు ఈ ప్రాంతంలో ఉన్న వియర్స్ మిల్ రోడ్, జోన్స్ మిల్ రోడ్, మన్‌కాస్టర్ మిల్ రోడ్ వంటి పేర్లన్నీ ఆ మరల నుంచి మిగిలినవే. రైతులు గోధుమలు, మొక్కజొన్నలు పట్టించుకోవడానికి వేసుకున్న బళ్లదారులు తర్వాత పెద్ద రోడ్లయ్యాయి. 1820లలో కట్టిన పియర్స్ మిల్ ఒక్కటే నగర భాగంలో నేటికీ నిలిచి ఉంది. దాని వ్యాపారం 1897లో ఆగిపోయింది.

పార్కు ఆలోచన నగరంవైపు నుంచి వచ్చింది. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక అధ్యక్షుడి నివాసానికి కొత్త స్థలం, ప్రజలకు ఒక పార్కు వెతకమని సైనిక ఇంజనీరు నథానియెల్ మిక్లర్‌కు పని అప్పగించారు. రాక్ క్రీక్ లోయ పార్కుకు తగినదని అతడు 1867లో నివేదిక ఇచ్చాడు. అయినా చట్టం రావడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. 1890 సెప్టెంబరు 27న అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ సంతకంతో రాక్ క్రీక్ పార్క్ ఏర్పడింది. యోసెమిటీ నేషనల్ పార్క్ చట్టం వచ్చింది దీనికి నాలుగు రోజుల తర్వాత. అదే 1890లో చెవీ చేజ్ ల్యాండ్ కంపెనీ ఏర్పడి వాగుకు దగ్గరి పొలాలను శివారు కాలనీలుగా మార్చే పని మొదలుపెట్టింది. పార్కూ, స్థిరాస్తి వ్యాపారమూ ఒకే ఏడాది మొదలవడం ఈ లోయ తర్వాతి కథనంతటినీ నడిపింది.

శివార్లలో లోయను కాపాడిన కారణాల్లో అందం కంటే మురుగు ముందు వస్తుంది. మేరీల్యాండ్ కాలనీల మురుగు వాగుల్లో కలిసి నగరంలోకి రావడం మీద ఫిర్యాదులు పెరిగాక 1918లో వాషింగ్టన్ సబర్బన్ శానిటరీ కమిషన్ ఏర్పడింది. మురుగు గొట్టాలు పంపులు లేకుండా పారాలంటే పల్లంలో వేయాలి. పల్లం అంటే వాగు లోయ. గొట్టాలకు భూమి కావాలి, వరద నీటికి చోటు కావాలి, పిల్లలకు ఆటస్థలం కావాలి. ఈ మూడు అవసరాలకూ ఒకే భూమి సరిపోతుందన్న గ్రహింపుతో లోయ భూములను ప్రభుత్వం కొనే విధానం రూపుదిద్దుకుంది. 1927లో మేరీల్యాండ్ శాసనసభ మేరీల్యాండ్-నేషనల్ క్యాపిటల్ పార్క్ అండ్ ప్లానింగ్ కమిషన్‌ను స్థాపించింది. అయితే కమిషన్ ఉన్నంత మాత్రాన డబ్బు రాదు. ఆ కొరతను తీర్చింది 1930 మే 29న వచ్చిన కాపర్-క్రామ్టన్ చట్టం. కాన్సాస్ సెనేటర్ ఆర్థర్ కాపర్, మిచిగన్ ప్రతినిధి లూయిస్ క్రామ్టన్ పేర్లతో నిలిచిన ఈ చట్టం, రాజధాని చుట్టూ ఉన్న వాగు లోయలను కొనడానికి మేరీల్యాండ్‌కు కొంత సొమ్ము గ్రాంటుగా, కొంత తర్వాత తిరిగి చెల్లించే ముందస్తుగా ఇచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పొలాలు కాలనీలైన వేగం చూస్తే ఈ చట్టం విలువ తెలుస్తుంది. లోయ కొనుగోలు ఇరవై ఏళ్లు ఆలస్యమై ఉంటే వాగు చాలాచోట్ల పెరటి గోడల మధ్య కాలువగానో, నేలకింద తూములోనో మిగిలేది. తారుబాట ఈ వరుసలో చివర వచ్చింది. ముందు భూమి, తర్వాత గొట్టాలు, ఆపైన రోడ్డు, పార్కులు, చివరకు నడకదారి.

రోడ్లు కూడా లోయ ఖాళీని ఉపయోగించుకున్నాయి. 1964లో పూర్తయిన క్యాపిటల్ బెల్ట్‌వే (వాషింగ్టన్ చుట్టూ తిరిగే 495 నంబరు రహదారి) కెన్సింగ్టన్, చెవీ చేజ్‌ల మధ్య కొంత దూరం ఈ పార్కు గుండానే వెళ్లింది. ఇళ్లు కూల్చకుండా దొరికే భూమి పార్కే కావడం అందుకు కారణం. పార్కు భూమిని రహదారికి ఇవ్వడంపై అప్పట్లోనే అభ్యంతరాలు వచ్చాయి. రహదారి వంకరలు వాగు వంకరలను అనుసరించడం నేటికీ పటంలో స్పష్టంగా కనిపిస్తుంది.

1960ల మధ్యలో పైభాగంలో రెండు మట్టి ఆనకట్టలు కట్టారు. ప్రధాన వాగు మీద 1965లో లేక్ నీడ్‌వుడ్ (75 ఎకరాలు), ఉత్తర శాఖ మీద లేక్ ఫ్రాంక్ ఏర్పడ్డాయి. రెండో చెరువుకు వైల్డర్‌నెస్ సొసైటీ స్థాపకుల్లో ఒకరైన అటవీ శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ ఫ్రాంక్ పేరు పెట్టారు. వరదను ఆపడం, కొత్త కాలనీల నిర్మాణంలో కొట్టుకొచ్చే మట్టిని దిగువకు పోకుండా పట్టుకోవడం వీటి పని. 2006 జూన్ చివరి వానలకు నీడ్‌వుడ్ నీటిమట్టం విపరీతంగా పెరిగి కట్టలో ఊట కనిపించడంతో దిగువనున్న రెండు వేల మందికి పైగా ప్రజలను ఖాళీ చేయించారు. కట్ట నిలిచింది.

దారి క్రమం

ఉత్తరం నుంచి బయలుదేరితే మొదటి భాగం రాక్ క్రీక్ రీజినల్ పార్క్‌లో సాగుతుంది. ఇక్కడ అడవి దట్టంగా ఉంటుంది. లేక్ ఫ్రాంక్ చుట్టూ, మెడోసైడ్ ప్రకృతి కేంద్రం దగ్గర తారు వేయని మట్టిదారులు విడిగా ఉన్నాయి. ఆపైన బాట ఆస్పెన్ హిల్, పార్క్‌లాన్ ప్రాంతాల వెనుకగా వియర్స్ మిల్ రోడ్డును చేరుతుంది. ఈ రోడ్డు మీద వాహనాల రద్దీ ఎక్కువ కాబట్టి బాట కోసం ప్రత్యేకంగా వంతెన కట్టారు. దగ్గరలోనే మాథ్యూ హెన్సన్ ట్రయల్ తూర్పు దిక్కు నుంచి వచ్చి కలుస్తుంది. మేరీల్యాండ్‌లో 1866లో పుట్టి ఉత్తర ధ్రువ యాత్రల్లో పాల్గొన్న నల్లజాతి అన్వేషకుడి పేరు దానికి పెట్టారు. టర్కీ బ్రాంచ్ అనే పిల్లవాగు వెంట వేసిన ఈ దారి 2009లో తెరుచుకుంది. ఇదే వియర్స్ మిల్ రోడ్డును హెన్సన్ ట్రయల్ వంతెన లేకుండా దాటే చోట 2015, 2016లలో ఇద్దరు సైకిలిస్టులు వాహనాలు తగిలి చనిపోయారు. తర్వాత అక్కడ సిగ్నల్ పెట్టారు. నీటి పక్కన నడకదారి ఎంత ప్రశాంతంగా ఉన్నా, దాని భద్రత అది రోడ్డును దాటే నాలుగు అడుగుల్లోనే తేలుతుంది.

గారెట్ పార్క్, కెన్సింగ్టన్‌ల మధ్య వాగుకు పక్కనే కెన్-గార్ ఉంది. 1890లలో నల్లజాతి కుటుంబాలు ఏర్పరచుకున్న ఈ చిన్న వాడకు పేరు ఆ రెండు ఊళ్ల పేర్ల నుంచే వచ్చింది. ఇక్కడి నుంచి బీచ్ డ్రైవ్ అనే పార్కు రోడ్డు బాటకు తోడవుతుంది. ఈ రోడ్డు పేరు సముద్రతీరాన్ని బట్టి కాక, పార్కులో పనిచేసిన సైనిక ఇంజనీరు లాన్సింగ్ బీచ్‌ను బట్టి వచ్చింది. బెల్ట్‌వే దగ్గరపడేకొద్దీ వాహనాల హోరు పెరుగుతుంది. చెట్ల పైన 1974లో ప్రతిష్ఠ జరిగిన తెల్లని మోర్మన్ దేవాలయపు బంగారు రంగు గోపురాలు కనిపిస్తాయి. రహదారి వంతెనల కింద నుంచి, జోన్స్ మిల్ రోడ్డు పక్క నుంచి దిగితే ఈస్ట్-వెస్ట్ హైవే దగ్గర రేస్ మెడో పార్కు వస్తుంది. దానికి దిగువన 1934 నాటి మెడోబ్రూక్ గుర్రపుశాల, స్థానికులు క్యాండీ కేన్ సిటీ అని పిలుచుకునే పిల్లల ఆటస్థలం ఉన్నాయి. జార్జిటౌన్ బ్రాంచ్ అనే పాత రైలు మార్గం వాగును దాటిన ఎత్తైన వంతెనను 2003లో నడకకు తెరిచారు. పర్పుల్ లైన్ అనే కొత్త రైలు మార్గం నిర్మాణం కోసం 2017లో దాన్ని మూసేశారు.

నగర సరిహద్దు దాటాక బాట స్వభావం మారుతుంది. తూర్పు గట్టున వ్యాలీ ట్రయల్, పడమటి ఎత్తున వెస్టర్న్ రిడ్జ్ ట్రయల్ అనే కాలిదారులు రాళ్ల మధ్య సాగుతాయి. చెట్ల మీద నీలం రంగు గుర్తు మొదటిదానిది, ఆకుపచ్చ రెండోదానిది. తారుబాట పియర్స్ మిల్, జాతీయ జంతుశాల మీదుగా పొటోమాక్ వైపు దిగుతుంది.

వాగు పనితీరు

అడవి నేల మీద పడ్డ వాన చాలావరకు ఇంకి, రోజుల తరబడి మెల్లగా వాగులోకి ఊరుతుంది. కప్పులు, రోడ్లు, పార్కింగ్ స్థలాల మీద పడ్డ వాన గొట్టాల్లో దూరి నిమిషాల్లో వాగుకు చేరుతుంది. దీనివల్ల రెండు నష్టాలు జరుగుతాయి. వాన రోజున వాగు ఒక్కసారిగా పొంగి ఒడ్లను కోస్తుంది. ఎండ రోజుల్లో ఊట తక్కువై నీరు సన్నగిల్లుతుంది. కోతకు గురైన వాగు లోతుకు దిగి, తన పక్కనున్న వరద పల్లానికి అందకుండా పోతుంది. నడిచేవారు ఈ ప్రక్రియను కళ్లతోనే చదవవచ్చు. నిట్టనిలువు మట్టి ఒడ్లు, గాలిలో వేలాడే సికమోర్ వేళ్లు, ఒకప్పుడు నేలలో ఉండి ఇప్పుడు వాగులో బయటపడ్డ గొట్టాలు దాని ఆనవాళ్లు. బాట పక్కన స్తంభాల్లా పైకి లేచిన కాంక్రీటు కట్టడాలు మురుగు గొట్టాల మ్యాన్‌హోళ్లు. వరద నీరు గొట్టంలోకి దూరకుండా వాటిని ఎత్తుగా కట్టారు.

చలికాలంలో మంచు కరిగించడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు వాగులో కలిసి నీటి పురుగులకు హాని చేస్తుంది. దిగువన నగరంలో మరో సమస్య ఉంది. పాత పేటల్లో మురుగూ వాననీరూ ఒకే గొట్టంలో పారతాయి కనుక పెద్ద వానకు అవి పొంగి వాగులో పడుతుంటాయి. వాటిని పట్టి నిల్వచేసే నిర్మాణాలను నగర నీటి సంస్థ డీసీ వాటర్ చేపట్టింది. వాషింగ్టన్ నగర జలాల్లో ఈత 1971 నుంచి నిషిద్ధం.

కోతను ఆపడానికి ఒడ్లను ఏటవాలుగా చెక్కి, రాళ్లు, దుంగలు పేర్చి, స్థానిక మొక్కలు నాటే పునరుద్ధరణ పనులు జరుగుతున్నాయి. యంత్రాలు రావడానికి పెద్ద చెట్లు కొట్టాల్సి రావడం వల్ల వీటిపై స్థానికుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. పైన కాలనీల్లోనే వాననీటిని ఇంకించాలని, వాగును ముట్టకూడదని ఒక వాదన. కోత ఇప్పటికే జరిగిపోయింది, ఆపకపోతే గొట్టాలే తెగుతాయని మరో వాదన. రెండో వాదన అత్యవసరాన్ని చెబుతుంది, మొదటిది మూలకారణాన్ని చెబుతుంది. కాలనీల్లో నీరు ఇంకించకుండా ఒడ్డు మాత్రమే బాగుచేస్తే అదే పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

ఇతర రకాలు

వాగు వెంట దారులన్నీ ఒకే తీరుగా ఉండవు. దగ్గర్లోని స్లిగో క్రీక్ ట్రయల్ పొట్టిది, తారుబాట. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీని నిలువునా దాటే క్రాస్ కౌంటీ ట్రయల్ సుమారు 40 మైళ్లది. అకోటింక్ క్రీక్, డిఫికల్ట్ రన్ అనే వేర్వేరు వాగుల లోయలను కలుపుతుంది. తారు, కంకర, మట్టి మూడూ దానిలో ఉన్నాయి. కొన్నిచోట్ల వాగులో పరిచిన రాళ్ల మీద అడుగులు వేసి దాటాలి. మూసేసిన రైలు పట్టాల స్థానంలో వచ్చిన దారులు వేరే జాతి. అవి తిన్నగా, చదునుగా ఉంటాయి.

వృక్షాలు, జంతువులు

వరద పల్లంలో సికమోర్, బాక్స్ ఎల్డర్, ఎర్ర మేపుల్ చెట్లు, మిట్ట మీద ట్యులిప్ పాప్లర్, బీచ్, ఓక్ చెట్లు పెరుగుతాయి. ఏప్రిల్‌లో ఒడ్లమీద వర్జీనియా బ్లూబెల్ నీలి పూలు పరుచుకుంటాయి. పెద్ద నీలి కొంగ, గుడ్లగూబ, నక్క, బీవర్ కనిపిస్తాయి. వేటాడే పెద్ద జంతువులు లేక జింకలు బాగా పెరిగి చిన్న మొక్కలను మేసేయడంతో అడవి తిరిగి మొలకెత్తడం తగ్గింది. నగర పార్కులో 2013 నుంచి జింకల సంఖ్యను కాల్పుల ద్వారా తగ్గిస్తున్నారు. దీన్ని జంతు హక్కుల కార్యకర్తలు వ్యతిరేకించారు. ఇంగ్లిష్ ఐవీ, గార్లిక్ మస్టర్డ్, స్టిల్ట్ గ్రాస్ వంటి బయటి మొక్కలను పీకడానికి కౌంటీలో శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలున్నారు.

నగర భాగంలోని ఊటల్లో హేస్ స్ప్రింగ్ ఆంఫిపాడ్ అనే కళ్లులేని తెల్లని చిన్న జలచరం బతుకుతుంది. 1982లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురీదే హెర్రింగ్ చేపలకు పియర్స్ మిల్ ఆనకట్ట అడ్డమైంది. పొటోమాక్ మీది వుడ్రో విల్సన్ వంతెన నిర్మాణం వల్ల జరిగిన నష్టానికి పరిహారంగా అక్కడ చేపల మెట్లు కట్టారు.

ప్రాధాన్యం, వివాదాలు

ఈ దారి విహారానికే పరిమితం కాదు. ఉద్యోగానికి సైకిలుపై వెళ్లేవారూ, బడిపిల్లలూ, ముసలివారూ దీన్ని వాడతారు. మాంట్‌గోమరీ కౌంటీలో తెలుగు కుటుంబాలూ చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నాయి. కారు నడపని పెద్దలకు ఇంటి వెనక నుంచే అందే ఇటువంటి బాట అమెరికా శివార్లలో అరుదైన సౌకర్యం.

లోయ భూమి అందరిదే అయినా లోయ పక్కన ఇల్లు కొనే హక్కు అందరికీ ఉండేది కాదు. చుట్టుపక్కల అనేక కాలనీల దస్తావేజుల్లో నల్లజాతివారికి అమ్మరాదన్న షరతులుండేవి. 1948లో సుప్రీంకోర్టు వాటిని కోర్టులు అమలు చేయరాదని తీర్పు చెప్పింది. 1968 చట్టం గృహ వివక్షను నిషేధించింది. పార్కు చరిత్ర రాసేటప్పుడు దీన్ని పక్కన పెట్టడం సరికాదు.

ఇటీవలి వివాదం బీచ్ డ్రైవ్‌ది. 2020లో కోవిడ్ కాలంలో నగర పార్కులో దాని ఎగువ భాగాన్ని వాహనాలకు మూశారు. 2022లో నేషనల్ పార్క్ సర్వీస్ ఆ మూసివేతను శాశ్వతం చేసింది. నడిచేవారు, సైకిలిస్టులు హర్షించారు. పక్క వీధుల్లో రద్దీ పెరుగుతుందని, నడవలేని వారికి పార్కు అందదని మరికొందరు అన్నారు.

నడిచేవారికి

మేరీల్యాండ్ భాగంలో ప్రవేశ రుసుం లేదు. కుడివైపు నడవడం, కుక్కలను తాడుతో పట్టుకోవడం నియమాలు. వేసవిలో ఉక్క ఎక్కువ. పొడవాటి గడ్డిలో టిక్ అనే పురుగు కరిస్తే లైమ్ వ్యాధి సోకవచ్చు కనుక నడక తర్వాత కాళ్లు పరీక్షించుకోవాలి. మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ తగిలితే దద్దుర్లు వస్తాయి. పెద్ద వాన తర్వాత వంతెనల కింది పల్లపు భాగాలు మునుగుతాయి. నీళ్లు నిలిచిన బాట మీదికి దిగవద్దు, లోతు పైకి తెలియదు.

ఒకే పూట తీరికున్నవారు అడవి చూడాలనుకుంటే లేక్ నీడ్‌వుడ్ నుంచి దక్షిణానికి నడవడం మేలు. శివారు పార్కు ఎలా పనిచేస్తుందో చూడాలనుకుంటే కెన్సింగ్టన్ నుంచి మెడోబ్రూక్ దాకా నడవాలి. రహదారి, మురుగు గొట్టం, వరద పల్లం, ఆటస్థలం ఒకదాని పక్కన ఒకటి కనిపించేది అక్కడే.